నాలుగు జేబులూ ఒకేలా రావాలంటే
రాయగడలో చలి మొదలైందని మావాడికి మందపాటి డ్రిల్లు నూలు గుడ్డతో నాలుగు జేబుల జాకెట్ కుడుతున్నాను. చలికి వేసుకునేదే లెండి, చీరమీదికి కాదు. రెండు జేబులు ఒక్కలా వస్తే ఒట్టు!

అందుకే కొత్త చొక్కాలో వచ్చే అట్టను 6 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు కత్తిరించాను. ఒక్కో జేబుకు గుడ్డ 7 బై 8.5 అంగుళాలు. పైఅంచు అంగుళం మడిచి ముందే కుట్టేయాలి. తర్వాత గుడ్డను తిరగేసి, అట్టను కుట్టిన పైఅంచుకు ఆనించి, అటూ ఇటూ సమానంగా ఉండేలా పెట్టి, మిగతా మూడువైపులా అరంగుళం అట్టమీదికి మడిచి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేయాలి. మూలల్లో గుడ్డ ఉబ్బితే కొసలు కొంచెం కత్తిరించండి. అట్ట లాగేసి జాకెట్‌మీద పెట్టి కుట్టడమే. ఒక్క అట్టతో నాలుగూ అయిపోయాయి.

నైలాన్ గుడ్డకు మాత్రం వద్దు, ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది. దానికి గోటితో గీసి మడవాల్సిందే.