కాలువలు కట్టేసినా కుళాయి రావాలంటే: ఊరి మంచినీటి పథకానికి కనీస సామర్థ్యం ఎలా ఖాయం చేయాలి?

దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాయంటే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. మళ్లీ సార్వాకి (ఖరీఫ్ వరికి) నీళ్లు వదిలేదాకా, కాలువ మీద ఆధారపడిన డెల్టా ఊళ్లు మంచినీళ్ల చెరువులో నిలవ చేసుకున్న నీళ్లతోనే గడపాలి. మొగల్తూరు, భీమవరం, అంతర్వేది వైపు బోరు వేద్దామన్నా చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. గోదావరి పక్కనే ఉంది కదా అని ధీమాగా కూర్చోవడానికి లేదు.

ట్యాంకు మీద పెయింటుతో రాసిన లీటర్లు చూసి "మన ఊరికి ఇది చాలు" అనుకోవడం మామూలే. కానీ ఆ అంకె ట్యాంకుది, పథకానిది కాదు. చెరువు, ఫిల్టర్ బెడ్లు, మోటార్లు, ట్యాంకు, పైపులు, వీటిలో ఏది చిన్నదైతే పథకం అంతే. పొలాలకు నీళ్లందాయా లేదా అన్నది శివారు (కాలువ చివరి) రైతుని అడిగి తెలుసుకున్నట్టే, మంచినీళ్ల సంగతి కూడా శివారు కుళాయి దగ్గరే చూడాలి. అదీ మే ఆఖరి వారంలో. కింది లెక్కంతా ఆ కుళాయిని, ఆ వారాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే.

ముందు తలలు లెక్కపెట్టండి

2011 జనాభా లెక్కలు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. గ్రామ సచివాలయంలోని ఇంటింటి వివరాలు, ఆశా కార్యకర్త రిజిస్టరు, రేషన్ కార్డులు ఒకచోట పెట్టి సరిచూసుకోండి. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు, బయటి నుంచి వచ్చిన కూలీలు ఈ మూడింటిలోనూ ఉండకపోవచ్చు. వాళ్లనీ కలపాలి. వేసవి సెలవులకి పిల్లలతో దిగే చుట్టాలు, మే నెల పెళ్లిళ్లు మరో బరువు. చెరువు అడుగంటే రోజుల్లోనే ఊరు నిండుగా ఉంటుంది!

అలా వచ్చిన అంకె మీద ముందుచూపు కొంత వేసుకోవాలి. మోటార్లకు, ఫిల్టర్లకు 15 ఏళ్లు, పైపులకు 30 ఏళ్లు ముందుకు చూసి లెక్క కట్టడం ఇంజినీర్ల పద్ధతి. ఈ వ్యాసంలో 6,000 మంది ఉన్న ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. ముందుచూపుతో కలిపి 7,000.

తలకి ఎన్ని లీటర్లు?

గ్రామాలకు ఒకప్పుడు రోజుకి మనిషికి 40 లీటర్లు అనేవారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. పట్టణాలకైతే భూగర్భ డ్రైనేజీ ఉన్నచోట 135, లేనిచోట 70 లీటర్లు అని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ చెప్పింది.

55 అనేది నేల లాంటిది, అంతకంటే కిందికి దిగకూడదు. పైకి వెళ్లొద్దని ఎవరూ అనలేదు. మండపేట, రావులపాలెం వైపు బోరు నీళ్లు బాగున్న ఊళ్లో స్నానాలు, బట్టలు ఆ నీళ్లతో జరిగిపోతాయి కాబట్టి 55 సరిపోతుంది. సముద్రం వైపు ఊళ్లో బోరు నీళ్లకు సబ్బు నురగే రాదు, స్నానానికీ కుళాయే గతి. అలాంటి ఊరు 70 లీటర్లు పెట్టుకోవడం న్యాయమని నా అభిప్రాయం. అప్పుడు కింది అంకెలన్నీ పావు వంతు పైనే పెరుగుతాయి.

మన ఉదాహరణలో 7,000 మందికి 55 చొప్పున 3,85,000 లీటర్లు. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, కల్యాణ మండపం కలిపి 15,000 వేస్తే 4 లక్షలు. పైపుల్లో కారిపోయేది 15 శాతం మించకూడదని నియమం. ఆ మేరకు నష్టం వేసుకుంటే రోజుకి 4,70,000 లీటర్లు ఇవ్వాలి. అంటే 470 ఘనపు మీటర్లు. ఈ అంకెని గోడ మీద రాసిపెట్టుకోండి, మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి.

గేదెల మాట కూడా ముందే తేల్చుకోవాలి. పాలిచ్చే గేదె ఎండాకాలం రోజుకి 50 లీటర్ల పైనే తాగుతుంది. కాలువ ఎండితే వాటిని ఎక్కడికి తోలుకెళతారు? వాటికి వేరే చెరువు ఉంటే సరే, లేకపోతే ఈ లెక్కలో కలపండి.

చెరువు ఎన్ని రోజులకి?

డెల్టా పథకానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారని కాగితం మీద ఉంటుంది. కాలువ పనులు లేటైతే, వదిలిన నీళ్లు శివారు ఊరికి చేరడానికి మరి కొన్ని రోజులు పడితే ఏం చేస్తారు? లాకుల దగ్గరి ఊరికి, కాలువ చివరి ఊరికి ఒకే రోజున నీళ్లు రావు. అందుకే 60 రోజుల మూతకు 75 రోజుల నిలవ కనీసంగా పెట్టుకోవాలి. మీ ఊరు శివారున ఉంటే ఇంకా ఎక్కువ. గత పదేళ్లలో కాలువ కట్టిన తేదీ, మీ తూము దగ్గరికి నీళ్లు వచ్చిన తేదీ లస్కర్లని (కాలువ కాపలాదార్లని), పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. అందులో అన్నిటికంటే చెడ్డ ఏడాదిని తీసుకోండి, సగటు వద్దు.

రోజుకి 470 ఘనపు మీటర్లు, 75 రోజులు: 35,250. అంత పట్టే చెరువు తవ్వితే చాలదు. ఎండకి రోజుకి 6 మిల్లీమీటర్లు ఆవిరైపోతుందని, అడుగు నుంచి, గట్ల నుంచి మరో 4 మిల్లీమీటర్లు ఇంకుతుందని వేసుకుందాం. 75 రోజులకి ముప్పావు మీటరు. అడుగున అర మీటరు బురదనీళ్లు, వాటిని తోడకూడదు. చెరువులో మూడున్నర మీటర్ల లోతు నీళ్లుంటే మన చేతికొచ్చేది రెండుంపావు మీటర్లే. 35,250ని 2.25తో భాగిస్తే సుమారు 15,700 చదరపు మీటర్లు, అంటే దాదాపు 4 ఎకరాల నీటి విస్తీర్ణం. గట్లకు, దారికి కలిపి ఐదెకరాలు కావాలి. డెల్టాలో ఐదెకరాలంటే మాటలు కాదు. భూమి దొరక్క రెండెకరాల్లో సరిపెట్టిన ఊరు మే నెలంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూడాల్సిందే.

నేల సంగతీ చూడాలి. బంకమట్టి అయితే ఇంకుడు తక్కువ. తీరం వైపు ఇసుక నేలల్లో నీళ్లు నిలవవు, పైగా పక్కనే రొయ్యల చెరువులుంటే ఉప్పు ఊటగా దిగుతుంది. అలాంటిచోట అడుగున, గట్లకు ప్లాస్టిక్ షీటు పరిచి పైన మట్టి వేయడం తప్పదు. ఆ ఖర్చు ఎస్టిమేటులో మొదటే ఉండాలి.

నిండని చెరువు ఎంత పెద్దదైతే ఏం?

కాలువ కట్టేసే ముందు చెరువులు నింపుకోవడానికి కొన్ని రోజులు టైమిస్తారు. ఆ రోజుల్లో ప్రతి ఊరూ అదే కాలువ మీద పడుతుంది, శివారుకి వచ్చేసరికి నీటి మట్టం తూము అంచుకి కూడా అందదు. మన చెరువు నిండా 55,000 ఘనపు మీటర్లు పడుతుంది. అప్పటికి సగం ఖాళీగా ఉంటే 27,500 నింపాలి. పది రోజులు రాత్రీపగలూ తోడినా గంటకి 115 ఘనపు మీటర్ల చొప్పున రావాలి. తూము ఎత్తు, మోటారు సైజు ఈ అంకెకి సరిపోవాలి. తూము ద్వారా దానంతట అదే నిండుతుందనే నమ్మకం మీద పథకం కట్టొద్దు. తోడే మోటారు కూడా ఉండాలి.

ఫిల్టర్ బెడ్లు

పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి నెమ్మదిగా వడకట్టే ఇసుక బెడ్లు. గంటకి 10 సెంటీమీటర్ల వేగంతో నీరు ఇసుకలోకి దిగాలి. 470 ఘనపు మీటర్లకు 24 గంటలూ నడిస్తే 196 చదరపు మీటర్ల ఇసుక కావాలి. దాన్ని కనీసం రెండు బెడ్లుగా కట్టాలి. ఒకదాని పైపొర గీకి శుభ్రం చేస్తుంటే రెండోది ఆ కాసిని రోజులూ రెట్టింపు వేగంతో లాక్కొస్తుంది. మూడు బెడ్లుంటే ఇంకా హాయి.

కరెంటు ఉన్నప్పుడు 8 గంటలు నడిపి మిగతా టైమంతా ఆపేస్తామంటే కుదరదు. ఇసుక పైన పట్టే జిగట పొరే క్రిములని పట్టేది, నీళ్లు ఆగిపోతే అది చచ్చిపోతుంది. పైగా మే నెలలో చెరువులో పాచి పెరిగి బెడ్లు త్వరగా పూడుకుపోతాయి. జనవరిలో టెస్టు చేసి "ఫిల్టర్ బాగుంది" అని రాసిన రిపోర్టుకి ఈ కారణంగానే పెద్ద విలువ లేదు.

మోటారు, ట్యాంకు, పైపులు

మోటార్ల లెక్క సులువు. ట్యాంకులోకి 8 గంటల్లో ఎక్కించాలంటే గంటకి 59 ఘనపు మీటర్లు. అంత తోడే మోటార్లు రెండు, ఒకటి కాలిపోతే రెండోది. ట్యాంకు సగం రోజు వాడకానికి, అంటే 2,35,000 లీటర్లకు తగ్గకూడదు.

ట్యాంకు ఎత్తు దగ్గర చాలా ఊళ్లు దెబ్బతింటాయి. డెల్టా అంతా చదును, పల్లం మనకి సాయం చేయదు. ఒక అంతస్తు ఇళ్లకు కుళాయి దగ్గర 7 మీటర్ల ఒత్తిడి, అంటే నీళ్లు 7 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత, ఉండాలని ఆ 1999 మాన్యువల్ చెప్పింది. పైపుల్లో రాపిడికి మరో 5 మీటర్లు పోతుందనుకుంటే, ట్యాంకులో నీళ్లు బాగా తగ్గినప్పుడు కూడా ఆ నీటిమట్టం నేల నుంచి 12 మీటర్ల పైన ఉండాలి.

శివారు కుళాయి కింద బిందె పెట్టండి

నలుగురున్న ఇంటికి రోజుకి 220 లీటర్లు రావాలి. పొద్దున గంట, సాయంత్రం గంట వదిలితే, 15 లీటర్ల బిందె 8 నిమిషాల్లో నిండాలి. ఆరుగురున్న ఇంటికైతే అయిదున్నర నిమిషాల్లో. కాబట్టి ప్రమాణంగా 5 నిమిషాలు పెట్టుకుంటే పెద్ద కుటుంబానికీ ఇబ్బంది ఉండదు. ఫోనులో స్టాప్‌వాచ్ చాలు, ఏ మీటరూ అక్కర్లేదు.

అంటే ప్రతి కుళాయిలో నిమిషానికి 3 లీటర్లు. మన ఊళ్లో నలుగురికొకటి చొప్పున 1,750 కుళాయిలు ఒకేసారి తిప్పితే నిమిషానికి 5,250 లీటర్లు. అంత పైపు ఎవరూ వేయరు. అందుకే ఊరిని నాలుగు భాగాలు చేసి వాల్వులు తిప్పుతూ వంతులవారీగా ఇస్తారు. ఒక్కో భాగానికి నిమిషానికి సుమారు 1,300 లీటర్లు మోసే పైపు ఉండాలి. ఏ భాగం ఎప్పుడో రాసి సచివాలయం గోడకి అంటించాలి.

బిందె పరీక్ష ఫెయిలయితే వెంటనే పైపులని తప్పుపట్టకండి. ముందు వీధిలో కుళాయికి మోటారు బిగించినవాళ్లు ఎందరో చూడండి. వాళ్లు లాగేది పక్కవాడి నీళ్లే కాదు, పైపు ఎక్కడైనా పగిలి ఉంటే మురుగు కూడా. దీని మీద గొడవలు తప్పవు. మొదటి నెల టెన్షనే.

అక్కడే ఒక సీసాలో నీళ్లు పట్టి క్లోరిన్ చూడండి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా అనుమతి. మే నెలలో ఈ అంకెని వారం వారం చూడాలి.

తుఫానొస్తే, వరదొస్తే

1996 నవంబరు తుఫానులో కోనసీమ స్తంభాలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. కరెంటు రోజుల తరబడి రాదని వేసుకుని జనరేటరు, డీజిల్ లెక్క రాయండి. అత్యవసర సమయాల్లో మనిషికి రోజుకి 15 లీటర్లు కనీసమన్నది అంతర్జాతీయంగా పాటించే లెక్క. 7,000 మందికి 1,05,000 లీటర్లు. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపేస్తే రెండు రోజులు గడుస్తుంది. లంక గ్రామాల్లో (నది మధ్య దిబ్బల మీది ఊళ్లలో) మోటార్లు, ప్యానెల్ బోర్డు 1986 వరద మట్టానికి పైన ఉండాలి. ఆ మట్టం గుర్తు మీ ఊళ్లో ఏదో ఒక గోడ మీద దొరుకుతుంది.

తీర్మానం, కొలబద్ద

తాగునీరు పంచాయతీల బాధ్యతల్లో ఒకటని 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 11వ షెడ్యూలులోనే ఉంది. కాబట్టి గ్రామసభలో తీర్మానం చేయండి. "సరిపడా నీరు అందించాలి" అని రాస్తే అది ఎవరినీ కట్టిపడేయదు. ఇలా రాయండి: మనిషికి ఇన్ని లీటర్లు, చెరువులో ఇన్ని రోజుల నిలవ, శివారు కుళాయిలో 15 లీటర్ల బిందె 5 నిమిషాల్లో, క్లోరిన్ 0.2, కొలిచేది మే ఆఖరి వారంలో, కొలిచేవాళ్లు ఫలానా. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు చేత లెక్కలు సరిచూయించి, కాపీ గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) ఇచ్చి రసీదు తీసుకోండి. కాలువలు ఎప్పుడు కట్టాలో జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో మాట్లాడతారు. మీ 75 రోజుల లెక్క ఆ సమావేశం లోపే ఎమ్మెల్యే చేతిలో ఉండాలి.

చివరగా చెరువులో ఒక కొలబద్ద పాతించండి, సెంటీమీటర్ల గీతలతో. మన ఉదాహరణలో వాడకానికి రోజుకి 3 సెంటీమీటర్లు, ఆవిరికి, ఇంకుడుకి 1, మొత్తం 4 దిగాలి. వారానికి 28. గట్లు ఏటవాలు కాబట్టి నీళ్లు తగ్గేకొద్దీ కాస్త ఎక్కువ దిగడం సహజం. కానీ మొదటి రెండు వారాల్లోనే 35 చొప్పున దిగుతుంటే 75 రోజుల చెరువు 60 రోజులకే అడుగంటుతుంది. అప్పుడు గట్టు వెంట ఒకసారి తిరిగి చూడండి. ఊట పోతోందా, రాత్రిపూట ఎవరైనా రొయ్యల చెరువులోకి పైపు వేశారా అన్నది తేలాలి. ఏప్రిల్‌లో తేలితే సరిచేసుకోవచ్చు.