జీపీఎస్ తిప్పలు పెడుతోందా? కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి

మొన్న ఒంగోలు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫోన్లో మ్యాప్ అస్సలు పనికిరావట్లేదు, మనలాంటి చూపులేనివాళ్ల కోసమే చేసిన జీపీఎస్ డబ్బా ఉంటుందంట కదా, అప్పు చేసైనా కొంటా, ఏది మంచిదో చెప్పు" అని. అసలు ఇబ్బందేంది అంటే, బస్టాండు బయటికి రాగానే ఎదురు దిక్కుకి నడిపిస్తోందన్నాడు. ముందు ఆ ఫోను కవరు తీసి నడువబ్బయ్యా అన్నా. అప్పు తప్పింది.

మొదలుపెట్టగానే వెనక్కి పంపిస్తోంది

నిలబడి ఉన్నప్పుడు మీ మొహం ఎటుందో జీపీఎస్‌కి తెలియదు. మీరెక్కడున్నారో చెప్తుంది, ఎటు పోతున్నారో తెలియాలంటే మీరు కాస్త కదలాలి. అప్పటిదాకా ఫోను తనలోని దిక్సూచిని నమ్ముకుంటుంది, అదేమో అయస్కాంతం దగ్గరికొస్తే తిక్కతిక్కగా తిరుగుతుంది. పుస్తకంలా మూసుకునే కవర్లకి టక్కున అతుక్కునే మూత ఉంటుంది చూడండి, చాలావాటిలో అక్కడుండేది అయస్కాంతమే. కవరు తీసేసి, ఫోన్ని గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు నాలుగైదుసార్లు తిప్పి, ఏదో ఒకవైపు పదిహేను అడుగులు తిన్నగా నడిచాక దాని మాట వినండి.

"చేరుకున్నారు" అంటుంది, షాపు మాత్రం దొరకదు

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఫోన్ జీపీఎస్ ఆకాశం విశాలంగా ఉన్నచోట దాదాపు 5 మీటర్ల తేడాతో చెప్తుంది, అదీ అన్నీ బాగుంటే. నెల్లూరు ట్రంకు రోడ్డులో రెండువైపులా మేడలుంటే ఉపగ్రహం సిగ్నల్ గోడలకి కొట్టుకుని వంకరగా వస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది. మనకి 5 మీటర్లంటే మాటలా? రోడ్డుకి ఈ పక్కా ఆ పక్కా అంత.

గాంధీబొమ్మ దగ్గర నేను మందులు కొనే షాపుకి మొదటిసారి వెళ్లినప్పుడు, గమ్యం వచ్చేసిందంటే చెయ్యి చాచా, వేలాడదీసిన చీరలు తగిలాయి. లోపలాయన నవ్వి, "మందుల షాపు రోడ్డవతల" అని చెయ్యి పట్టుకుని దాటించాడు. మ్యాపులో ఎవరో గుర్తు తప్పుచోట పెట్టారన్నమాట, దానికి ఏ డబ్బా కొన్నా చేసేదేం లేదు. రెండోసారి వెళ్లినప్పుడు షాపు మెట్టు మీద ఒక నిమిషం కదలకుండా నిలబడి ఆ చోటు సేవ్ చేసుకున్నా, పేరు "మందులు, రెండు మెట్లు, పక్కన మలైకాజా వాసన" అని పెట్టా. ఇప్పుడు దగ్గరికి రాగానే ఆ పేరు చదువుతుంది, మిగతా దూరం నా ముక్కూ కర్రా చూసుకుంటాయి. కాబట్టి ఏ పరికరం కొన్నా ముందు అడగాల్సింది, నా సొంత చోట్లు నా మాటల్లో దాచుకోనిస్తుందా అని. రెండోది, ఉపగ్రహాలు పంపే సిగ్నల్ రకాల్లో ఎల్1తో పాటు ఎల్5 ఫ్రీక్వెన్సీ కూడా పట్టుకుంటుందా అని, ఎందుకంటే రెండూ ఉంటే గోడలకి తగిలొచ్చే సిగ్నల్ వల్ల వచ్చే తప్పు తగ్గుతుంది. ఇప్పుడు చాలా ఫోన్లలో కూడా ఇది ఉంది.

ఆన్ చేసి ఎంతసేపైనా సిగ్నల్ దొరకదు

ప్రత్యేక డబ్బాలతో ఎక్కువ వచ్చే గోల. ఫోనైతే ఉపగ్రహాల వివరాలు నెట్ నుంచి తెచ్చుకుంటుంది, నెట్ లేని డబ్బా ఉపగ్రహం నుంచే నింపాదిగా వినాలి. నెలల తరబడి అల్మారాలో పడుంటే మొత్తం జాబితా తెచ్చుకోవడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. బస్టాండు రేకుల కింద కాకుండా బయట ఖాళీ స్థలంలో నిలబడండి.

పేర్లు అర్థం కావు

"మూలాపేట"ని ఇంగ్లీషు గొంతు ఎలా పలుకుతుందో విన్నవాళ్లకి తెలుసు. ఫోన్లో తెలుగు గొంతు దించుకోండి, గూగుల్ మ్యాప్స్‌లో నావిగేషన్ గొంతు విడిగా మార్చాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు.

హారన్లలో ఏం వినపడదు

రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రోడ్డెక్కొద్దు, దండం పెడతా. చెవి మూయకుండా ఎముక ద్వారా వినిపించేవి దొరుకుతాయి, జీపీఎస్ మార్చేముందు డబ్బు వాటికి పెట్టండి. ఇక సైడు కాలవ, అడ్డంగా పెట్టిన బైకు, పడుకున్న గేదె, ఇవేవీ ఏ జీపీఎస్సూ చెప్పదు, అది దాని పని కాదు. ఐఐటీ ఢిల్లీ వాళ్ల స్మార్ట్‌కేన్ మోకాలి పైనుండే అడ్డాలు 3 మీటర్ల దాకా పసిగడుతుంది, కాలవ కోసం మామూలు కర్రే దిక్కు.

బస్సులో మాటిమాటికీ దారి మారుస్తోంది

నెల్లూరు నుంచి ఒంగోలు బస్సు కావలి, సింగరాయకొండ ఊళ్లలోకి తిరిగినప్పుడల్లా సతాయిస్తుంది. దారి పెట్టకండి. చుట్టుపక్కల ఏముందో చెప్పే లజారిల్లో లాంటి యాప్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోండి, కండక్టరుకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

మరి ప్రత్యేక డబ్బా ఎవరికి?

చెమట చేతులతో, వానలో, ఒక చేతిలో కర్ర ఇంకో చేతిలో సంచీతో టచ్ స్క్రీన్ నడపలేక విసిగిపోయినవాళ్లకి. హ్యూమన్‌వేర్ అనే కంపెనీ వాళ్లది విక్టర్ రీడర్ ట్రెక్ 2017లో వచ్చింది, తర్వాత 2022లో స్టెల్లార్ ట్రెక్, రెంటికీ తడిమి నొక్కే బటన్లున్నాయి, రెండోదానికి కెమెరాలు కూడా. సుఖమే, కానీ ఇండియా మ్యాపు అందులో ఉందా, చెడిపోతే ఎక్కడికి పంపాలి, ఈ రెండూ అమ్మేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.

యాప్‌ల సంగతి ఇంకోలా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2018లో చుట్టుపక్కల ఏముందో శబ్దాలతో చెప్పే సౌండ్‌స్కేప్ తెచ్చింది, ఎంత బాగుండేదో, 2023లో ఆపేసింది. కోడ్ అందరికీ ఇచ్చేశారు కాబట్టి దాని మీద వాయిస్‌విస్టా లాంటివి పుట్టాయి. అందుకే సేవ్ చేసిన చోట్లన్నీ ఇంకోచోట కూడా రాసిపెట్టుకోండి, నావైతే వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్నా.

ఏది చేతికొచ్చినా మొదటి వారం కొత్త ఊరికి తీసుకుపోకండి. ప్రతి గుంతా తెలిసిన మీ వీధిలోనే నడిచి, అది ఎన్ని అడుగుల ముందు చెప్తోందో, ఎంత ఆలస్యంగా చెప్తోందో లెక్కపెట్టుకోండి. నాది నాలుగడుగులు ఆలస్యం.