ఎయిర్ పిస్టల్ స్వయంగా నేర్చుకుందాం – 4: మీ బారెల్‌కి ఏ పెల్లెట్ సరిపడుతుంది?

మొదటి మూడు పాఠాల్లో నిలబడే తీరు, సైట్ల వరస, ట్రిగ్గర్ నొక్కే పద్ధతి చూశాం. ఈసారి చేతి సంగతి కాసేపు పక్కన పెట్టి, పిస్టల్లో పెట్టే పెల్లెట్ గురించి మాట్లాడుకుందాం. ఒక్కసారి శ్రద్ధగా ఈ పని చేసుకుంటే, ఆ తర్వాత షాట్ ఏడు రింగులోకి జారినప్పుడు తప్పు పెల్లెట్‌దా మీదా అన్న అనుమానం ఉండదు. నేర్చుకునేవాళ్లని ఆ అనుమానం తినేసినంతగా ఇంకేదీ తినదు.

అమెరికాలో ఒక్క తూటా మాత్రమే పట్టే వేట పిస్టళ్లు వాడేవాళ్లున్నారు. 1967లో వచ్చిన థాంప్సన్ సెంటర్ కంటెండర్ వాటిలో బాగా పేరున్నది. వాళ్లలో చాలామంది తూటాలు సొంతంగా తయారు చేసుకుంటారు. తుపాకి మందు బరువు మార్చి చూస్తారు, బుల్లెట్ మార్చి చూస్తారు, అది తూటా గొట్టంలో ఎంత లోతుకి దిగాలో మార్చి చూస్తారు. కానీ ఒకసారికి ఒక్కటే మారుస్తారు. మార్చిన ప్రతిసారీ కాగితం మీద గ్రూపు, అంటే ఒకే గురితో వరసగా కొన్ని షాట్లు, కాల్చి, అవి ఎంత మేర చెదిరాయో కొలిచి, రాసుకుంటారు. మనకి ఆ దారి లేదు. తూటాలు తయారు చేయాలంటే 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి. వేటకైతే 1972 వన్యప్రాణి చట్టం అడ్డుగా ఉంది, ఉండాల్సిందే కూడా. వాళ్ల దగ్గర మనం తీసుకోవాల్సింది ఆ క్రమశిక్షణ. మన 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్ కూడా ఒక్క పెల్లెట్ పట్టేదే కాబట్టి ఆ పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. 20 జౌళ్ల శక్తి, 4.5 మి.మీ. బోరు (బారెల్ లోపలి వెడల్పు) దాటని ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే మ్యాచ్ పిస్టల్ శక్తి సుమారు 5 జౌళ్లే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన లంకల్లో, చేపల చెరువుల గట్ల మీద ఎయిర్ గన్ పట్టుకుని కొంగల మీద, నీటికోళ్ల మీద గురి చూసే కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరం. అంతకన్నా ముందు, అది పాపం. ఈ పాఠాలు చదివేవాళ్లు కాగితం మీద తప్ప దేనిమీదా కాల్చకూడదు.

సరే, పెల్లెట్‌ని చేతిలోకి తీసుకోండి. ముందు బల్లపరుపుగా తల, మధ్యలో సన్నటి నడుం, వెనక పల్చటి స్కర్ట్. గాలి ఒత్తిడికి స్కర్ట్ విచ్చుకుని బారెల్ గోడకి అతుక్కుంటుంది. తల మాత్రం బారెల్ లోపలి గాడుల మధ్య ఉండే గట్ల మీద ఆనుకుని నడుస్తుంది. అందుకే తల సైజు ముఖ్యం. మంచి కంపెనీల డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల సైజు మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. గాజుల కొట్లో రెండు నాలుగా, రెండు ఆరా అని అడిగినట్టే ఇక్కడా సైజు అడిగి కొనాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పిస్టళ్లు రెండిటికి రెండు వేరే సైజులు నచ్చొచ్చు. పక్కవాడికి ఏది బాగుందని అడిగి లాభం లేదు, మీ బారెల్‌నే అడగాలి.

బరువులో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి: పిస్టల్‌కని అమ్మే 0.45 గ్రాములది, రైఫిల్‌కని అమ్మే 0.53 గ్రాములది. పేరు చూసి భయపడొద్దు, రెండోది కూడా చాలా పిస్టళ్లలో బాగా పనిచేస్తుంది. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్‌10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, చియాంగ్ యువాన్ లాంటివాటిలో మీకు దొరికే మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా చొప్పున తెచ్చుకోండి. క్లబ్బులో స్నేహితులుంటే తలా ఒక డబ్బా కొని పంచుకోవడం మంచిది. డబ్బా మీద బ్యాచ్ నంబరు ఉంటే నోట్‌బుక్‌లో రాసుకోండి. రకం అదే అయినా బ్యాచ్ మారితే ఫలితం మారొచ్చు.

చోటు విషయానికొస్తే, కాల్చడానికి 10 మీటర్ల దూరం నాలుగు గోడల మధ్యే దొరకాలి. మన వైపు మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి ఆరుబయట పరీక్ష నమ్మడానికి వీల్లేదు. వసారాలో మనుషులు తిరుగుతుంటారు, అదీ వద్దు. ఖాళీగా ఉన్న ధాన్యం గోడౌనో, కొబ్బరికాయల గోడౌనో అయితే హాయి. అవతలి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. వెనకాల పెల్లెట్లని పట్టే ఇనప ట్రాప్ ఉండాలి. చెక్క మీదా గోడ మీదా కాలిస్తే పెల్లెట్ ఎగిరి వెనక్కొస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

వర్షాకాలంలో ఇంకో చిక్కుంది. శ్రావణ భాద్రపదాల్లో మనం కాల్చే టార్గెట్ కార్డు తేమ పట్టి మెత్తబడుతుంది. పెల్లెట్ శుభ్రమైన గుండ్రటి కన్నం చేయకుండా కాగితాన్ని చింపేస్తుంది. చిరుగుని కొలిచి గ్రూపు అనుకుంటే లెక్కంతా పోయినట్టే. కార్డుల్ని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకుని, కాల్చేటప్పుడే బయటికి తీయండి. పెల్లెట్లకీ అదే జాగ్రత్త. తేమకి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. అలాంటివి బారెల్లో పెట్టకండి, పిల్లలకి అందేచోట అసలు ఉంచకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ అయినా, టిఫిన్ అయినా.

పరీక్షలో చేతి వణుకు కలవకూడదు కాబట్టి ఆసరా కావాలి. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి, పొడి ఇసుక నింపి, రెండు కొసలూ కుడితే మంచి దిండు తయారవుతుంది. గాలి నింపిన సిలిండర్ ఉండే పిస్టలూ, ఒక్క తోపుతో గాలి నింపుకునే పిస్టలూ అయితే దాన్ని నేరుగా దిండు మీద ఆనించొచ్చు. స్ప్రింగ్ పిస్టల్‌ని మాత్రం అలా ఆనించకూడదు. పెల్లెట్ బారెల్ దాటకముందే స్ప్రింగ్ అదురు మొదలవుతుంది, దిండు ఆ అదురుని వేరే దారి పట్టిస్తుంది. దానికి మీ మణికట్టు దిండు మీద ఉండాలి, పిస్టల్ మీ చేతిలో ఉండాలి.

ఇక కాల్చడం. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది షాట్లు లెక్కలోకి తీసుకోకండి. పాత పెల్లెట్ వదిలిన సీసం పూత మీద కొత్తది సర్దుకోవడానికి ఆ మాత్రం కావాలి. తర్వాత ఐదు షాట్లు ఒక కార్డు మీద, ఐదు ఇంకో కార్డు మీద, అలా రకానికి ఐదు కార్డులు. అన్ని రకాలూ ఒకే పూట కాల్చేస్తే చివరి రకం మీ అలసటని మోస్తుంది. రెండు మూడు రోజులకి పంచుకుని, రోజుకో వరసలో కాల్చండి.

కొలవడం తేలిక. వెర్నియర్ కాలిపర్స్‌తో దూరంగా ఉన్న రెండు కన్నాల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి 4.5 మి.మీ. తీసేయండి. మిగిలింది గ్రూపు సైజు.

అసలు పాఠం ఇక్కడుంది. మొన్న భీమవరం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. “మాస్టారండీ, మూడు షాట్లూ ఒకే కన్నంలో పడ్డాయండి. ఇక ఇదే ఖాయం చేసేసుకోమంటారా అండి?” అన్నాడు. “ఇంకో ఇరవై కాల్చు బాబూ, అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాను. “ఆయ్, అలాగేనండి” అన్నాడు గానీ గొంతులో నీరసం తెలుస్తూనే ఉంది. ఆ నీరసం మీకూ వస్తుంది కాబట్టి లెక్క చెబుతాను.

పిస్టల్ మారలేదు, పెల్లెట్ మారలేదు, గాలి లేదు అనుకుందాం. ఐదు షాట్ల గ్రూపు సగటున 7 మి.మీ. వస్తోందనుకుందాం. అయినా ఒక కార్డు మీద 5, ఇంకో కార్డు మీద 9 రావడం మామూలే. కారణం ఏమీ ఉండదు, అది కేవలం పడే తీరు. అదే పెల్లెట్‌తో మూడే షాట్లు కాలిస్తే సగటు ఐదున్నరకి దిగుతుంది, పది కాలిస్తే 8.7కి పెరుగుతుంది. అంటే మూడు షాట్ల గ్రూపుని ఐదు షాట్ల గ్రూపుతో పోల్చడమే తప్పు. ఐదు కార్డుల సగటు తీసినా అందులో అటూ ఇటూ పన్నెండు శాతం ఊగిసలాట మిగిలే ఉంటుంది. కాబట్టి రెండు రకాల సగటుల మధ్య తేడా ఐదో వంతు కన్నా తక్కువైతే రెండూ సమానమనే రాసుకోండి. అప్పుడు ఊళ్లో సులువుగా దొరికేదీ, చవకైనదీ తీసుకోండి. ఒక రకం 7, ఇంకోటి 12 అయితే మాత్రం ఇక ఆలోచించే పని లేదు.

కార్డులో ఆకారం కూడా చూడండి. కన్నాలు నిలువుగా సాగితే వేగం నిలకడగా లేదని అనుమానించాలి. సెకనుకి 150 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లలో దాదాపు 22 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 145 అయితే ఇంకో ఒకటిన్నర మి.మీ. ఎక్కువ దిగుతుంది. సిలిండర్లో గాలి బాగా తగ్గినా ఇలాగే షాట్లు కిందికి వస్తాయి, కాబట్టి ముందు గాలి ఒత్తిడి చూపే గేజ్ చూశాకే పెల్లెట్‌ని తప్పు పట్టండి. గ్రూపు చిన్నగా ఉండి కుడిపక్కకి పోతే అది సైట్ల పని, పెల్లెట్‌ది కాదు. సైజే చూడండి, చోటు చూడకండి.

కొందరు పెల్లెట్లని ఒక్కొక్కటీ తూచి వేరు చేస్తారు. జేబు తూకం 0.01 గ్రాము దాకే చూపిస్తుంది, అంటే ఒక పెల్లెట్ బరువులో రెండు శాతం. మంచి మ్యాచ్ పెల్లెట్ల మధ్య తేడా చాలావరకు దానికన్నా తక్కువే ఉంటుంది. మిల్లీగ్రాము తూకం నగల దుకాణాల్లో ఉంటుంది గానీ, ఒక శాతం బరువు తేడా కార్డు మీద పావు మిల్లీమీటరు కూడా కదపదు. నా మాట వినండి, తూచడం మానేసి, స్కర్ట్ వంగినవాటిని కంటితో చూసి ఏరిపారేయండి. దానివల్ల వచ్చే లాభం ఎక్కువ.

చివరగా, దీనికి ఎంత ఖర్చు పెట్టొచ్చు? పది రింగు 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతని తాకినా పదే ఇస్తారు, అంటే పెల్లెట్ మధ్యభాగం 16 మి.మీ. వలయంలో పడితే చాలు. మీ చెయ్యి ఇప్పుడు 60 మి.మీ. మేర చెదరగొడుతుంటే, 14 మి.మీ. గ్రూపు ఇచ్చే పెల్లెట్ దాన్ని 61.6 చేస్తుంది, 7 మి.మీ. గ్రూపు ఇచ్చేది 60.4 చేస్తుంది (రెండు చెదుర్లూ నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి). తేడా మిల్లీమీటరు పైచిలుకే. చెదురు 20కి దిగిన రోజున ఆ రెండిటి తేడా మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. అప్పుడు ఖరీదైన డబ్బా కొనండి. అందాకా మధ్యరకం చాలు.

వచ్చే పాఠానికి ఇరవై కార్డులు కాల్చి, కొలిచి, రకం, బ్యాచ్, తేదీ, గేజ్ ఎంతుందో పక్కనే రాసి ఉంచుకోండి. ఆ అంకెలతోనే సైట్లు దిద్దడం మొదలుపెడదాం.