గ్రేటర్ హైదరాబాద్ ఓటు: పోలింగ్‌కు ముందే చూసుకోవాల్సినవి

నగర ఎన్నికకు విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే రాష్ట్ర ఎన్నికల సంఘం వార్డులవారీగా విడగొడుతుంది. అందులో పేరు లేకపోతే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8 పెట్టండి. కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి.

అసలు చిక్కంతా ఆ విడగొట్టడంలోనే. ఇంటి నంబర్లు వరుసలో లేని కాలనీల్లో ఒకే ఇంటివాళ్ల పేర్లు రెండు వార్డుల్లో పడుతుంటాయి. వార్డుల ముసాయిదా జాబితా రాగానే ఇంట్లో అందరి పేర్లూ చూసి, గడువులోపు అభ్యంతరం రాసివ్వండి. పోలింగ్ రోజు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. శివార్లలోనైతే పాత వార్డు నంబరు నమ్మొద్దు, చుట్టుపక్కల మున్సిపాలిటీల విలీనంతో హద్దులు మారాయి.

2020 డిసెంబరులో 150 వార్డులకూ బ్యాలెట్ పేపరే వాడారు. ఈసారీ పేపరైతే స్వస్తిక్ ముద్ర ఒకే గడిలో వేసి, సిరా పక్క గుర్తుకు అంటకుండా ముందు నిలువుగా మడవండి. గుర్తుతోపాటు అభ్యర్థి పేరూ చదవండి: అప్పట్లో ఓల్డ్ మలక్‌పేటలో గుర్తు తప్పుగా అచ్చయి రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది.