ఏబీఎస్ బండికి బ్రేకు ఎలా వేయాలి: లివర్ తన్నినా వదలకండి

మా తమ్ముడు కొత్త బండి కొన్న నెలకి ఫోన్ చేసి, "అన్నా, కుక్క అడ్డమొస్తే గట్టిగా బ్రేకు వేశాను, లివర్ వేళ్లను టకటకా తన్నింది, భయమేసి వదిలేశాను, బ్రేకు పాడైందా?" అని అడిగాడు. పాడవలేదు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు) పనిచేసేటప్పుడు లివర్ అలాగే తంతుంది. అప్పుడు వదిలేయడమే ప్రమాదం. 60 స్పీడులో బండి ఒక్క సెకనుకి 16 మీటర్లకు పైగా వెళ్తుంది, బ్రేకు వదిలిన ఆ అర సెకనులో ఎంత దూరం పోతామో లెక్క వేసుకోండి.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. టైరు తిరుగుతున్నంతసేపే రోడ్డుని సరిగ్గా పట్టుకుంటుంది. బ్రేకు మరీ గట్టిగా పడితే చక్రం ఆగిపోతుంది కానీ బండి ఆగదు, టైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. వెనక చక్రం అలా లాక్ అయితే తోక పక్కకి ఊగుతుంది, కాస్త అలవాటున్నవాళ్లు సర్దుకోగలరు. ముందు చక్రం లాక్ అయితే మాత్రం హ్యాండిల్ మాట వినదు, రెప్పపాటులో కింద పడతాం. తొలి వాన పడ్డ రోడ్డు మీదా, వడ్లు ఆరబోసిన రోడ్ల మీదా ఇలా పడ్డవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు.

మీ బండి ముందు డిస్కు దగ్గర కూర్చుని చూడండి. డిస్కుతో పాటు తిరిగే ఇంకో సన్నటి రింగు ఉంటుంది, చుట్టూ గాళ్లు, అంటే చిన్న చిన్న సందులు ఉంటాయి. దాన్ని దాదాపు ఆనుకుని, మధ్యలో సన్నటి సందుతో ఒక సెన్సర్, దాని నుంచి పైకి పోయే వైరు కనిపిస్తాయి. చక్రం తిరుగుతుంటే సెన్సర్ ఆ గాళ్లని లెక్కపెట్టి ఏబీఎస్ కంట్రోల్ యూనిట్‌కి పంపుతూ ఉంటుంది. బండి ఎంత గట్టి బ్రేకు మీదైనా ఒక మేరకే నెమ్మదించగలదు, చక్రం వేగం అంతకన్నా చాలా త్వరగా పడిపోతోందంటే అది లాక్ అవబోతోందని యూనిట్‌కి అర్థమవుతుంది. మీ లివర్ నుంచి కాలిపర్‌కి, అంటే డిస్కుని నొక్కిపట్టి ఆపే భాగానికి, బ్రేక్ ఆయిల్ వెళ్లే దారిలో రెండు వాల్వులు ఉంటాయి. మొదటిది మూసుకుంటుంది, అంటే ఇక మీరెంత నొక్కినా ఆ ఒత్తిడి కాలిపర్‌కి చేరదు. అప్పటికీ చక్రం తేరుకోకపోతే రెండోది తెరుచుకుని కాస్త ఒత్తిడి వదులుతుంది. చక్రం మళ్లీ తిరగడం మొదలవగానే చిన్న పంపు ఆ ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది, మొదటి వాల్వు తెరుచుకుంటుంది, మళ్లీ బ్రేకు పడుతుంది. ఇదంతా సెకనుకి చాలాసార్లు జరుగుతుంది. మీ వేళ్లకి తగిలే ఆ టకటక, ఆయిల్ అలా పోటుపోటుగా ముందుకీ వెనక్కీ కదలడమే.

మన దగ్గర 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకన్నా చిన్న వాటికి సీబీఎస్ ఉన్నా చాలన్నారు, కానీ రెండూ ఒకటి కాదు. సీబీఎస్ ఒక బ్రేకు వేస్తే రెండోదాన్ని కూడా కొంత పట్టిస్తుంది, అంతే, చక్రం లాక్ అవకుండా ఆపలేదు. సింగిల్ ఛానల్ అంటే ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్, వెనక కాలి బ్రేకు తొక్కేస్తే మామూలుగానే జారుతుంది. డ్యూయల్ అంటే రెండిటికీ.

ఇక ప్రాక్టీసు. పొద్దున్నే ఖాళీగా, పొడిగా, తిన్నగా ఉన్న తారురోడ్డు చూసుకోండి. మట్టి గ్రౌండ్ వద్దు. హెల్మెట్, బూట్లు, చేతికి గ్లౌజులు వేసుకోండి, టైర్లలో గాలి చూసుకోండి. డ్యూయల్ ఛానల్ అయితే మొదట 30 స్పీడులో వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కండి, పాదం కింద టకటక తెలుస్తుంది, భయం పోవడానికి ఇదే సులువైన దారి. సింగిల్ అయితే ఈ మెట్టు వదిలేయండి. తర్వాత క్లచ్ పట్టి, రెండు బ్రేకులూ కలిపి, చూపు దూరంగా పెట్టి, బండి పూర్తిగా నిలిచేదాకా పట్టే ఉంచండి. ఒక్కసారిగా గుంజకుండా, పిండినట్టు త్వరత్వరగా బలం పెంచుతూ పోండి. చెయ్యి కుదిరాక 40, తర్వాత 50. నాలుగైదు రోజులు చేస్తే, కుక్క అడ్డమొచ్చిన రోజు మీ చెయ్యి దానంతట అదే పట్టుకుని ఉంటుంది.

ఏబీఎస్ ఉంది కదా అని మలుపులో వంగి ఉండగా గట్టిగా బ్రేకు వేయకండి. మామూలు ఏబీఎస్‌కి చక్రం వేగమే తెలుసు, బండి ఎంత వంగిందో తెలియదు. దానికి కార్నరింగ్ ఏబీఎస్ వేరే ఉంది, ఎక్కువగా ఖరీదైన బండ్లలోనే వస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో అయినా మారేడుమిల్లిలో అయినా మలుపుకి ముందే స్పీడు తగ్గించేసుకోవాలి. కంకర, ఇసుక మీద ఏబీఎస్ బండి ఇంకాస్త ఎక్కువ దూరం పోయి ఆగొచ్చు కూడా, అక్కడ ముందునుంచే మెల్లగా వెళ్లండి.

తాళం తిప్పగానే మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలిగి, బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. ఆరలేదంటే మామూలు బ్రేకు ఉంటుంది గానీ ఏబీఎస్ ఉండదు. పెద్ద స్టాండ్ వేసి గేరులో వెనక చక్రం తిప్పినా లైటు వెలగొచ్చు, ముందుది ఆగి వెనకది తిరుగుతోంది కాబట్టి. తాళం తీసి మళ్లీ వేసి కాస్త దూరం నడిపితే పోతుంది. నాకు ఒకసారి అలా పోలేదు. దారిలో పంచర్ వేయించుకుని బయల్దేరితే రెండు కిలోమీటర్లలోనే లైటు వెలిగింది. ఆపి చక్రం చేత్తో తిప్పి చూస్తే రింగు ఒకచోట సెన్సర్‌కి తగులుతోంది, ఇంకోచోట దూరం జరుగుతోంది, చక్రం ఊడదీసి రింగు మీదే పడేసి టైరు విప్పారన్నమాట. రింగు మార్పించాల్సి వచ్చింది. అందుకే పంచర్ షాపులో చక్రం విప్పే ముందే, ఆ రింగున్న వైపు కింద పెట్టొద్దని చెప్పండి. సెన్సర్ దగ్గర బురద పేరుకుంటే గుడ్డతో తుడవండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి బండి తక్కువ తిరిగినా సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి, ఏ రకం పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. టైరు మార్చేటప్పుడు కూడా కంపెనీ ఇచ్చిన సైజే వేయండి, సైజు తేడా వస్తే ఆ గాళ్ల లెక్క తప్పుతుంది.