పాత అనిమేకు కొత్త డిస్కు: నాలుగవ పాఠం – లక్ష్యం మొత్తాన్ని లెక్కకట్టడం

గత మూడు పాఠాలలో ఒక పాత అనిమే (జపనీస్ యానిమేషన్) హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కోవడం, దాని మాస్టర్, అంటే కాపీలు తీసే మూల ప్రతి, ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం, దానిని నిజంగా డబ్బు పెట్టి కొనేవాళ్ళు ఎందరుంటారో అంచనా వేయడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఒకే ఒక్క అంకెను పట్టుకుందాము. క్రౌడ్‌ఫండింగ్, అంటే చాలామంది నుంచి ఇంటర్నెట్‌లో ముందే నిధి పోగుచేసే ప్రచారపు పేజీలో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలలో కనిపించే లక్ష్యం మొత్తమే ఆ అంకె. ఈ పాఠం పూర్తయ్యేసరికి అలాంటి మొత్తాన్ని మీరే కట్టగలగాలి. ఇతరుల ప్రచారానికి డబ్బు పెట్టే ముందు వాళ్ళు చూపిన మొత్తం నిలబడేదో కాదో కూడా చెప్పగలగాలి. మన పాఠకులలో ఎక్కువమందికి ఆ రెండవ నేర్పే ముందుగా అక్కరకొస్తుంది.

ముందు నియమాలు. ఇలాంటి ప్రచారాలు నడిచే వేదిక కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరితేనే సొమ్ము చేతికొస్తుంది, ఒక్క డాలరు తగ్గినా ఎవరి కార్డు నుంచీ ఏమీ తీసుకోరు. ప్రచారానికి గరిష్ఠ గడువు 60 రోజులు. గెలిచిన ప్రచారం నుంచి వేదిక 5 శాతం తీసుకుంటుంది. కార్డు చెల్లింపుల ఖర్చు అమెరికాలో మరో 3 శాతం, దానికి తోడు ప్రతి చెల్లింపు మీదా 20 సెంట్లు. ఇది ముందుగా ఆర్డరు తీసుకుని అమ్మడం లాంటిదే కానీ పూర్తిగా అదే కాదు. సరుకు అందకపోతే దుకాణం డబ్బు వాపసు ఇస్తుంది, ఇక్కడ ఆ నష్టభయాన్ని అభిమాని కూడా మోస్తాడు. లక్ష్యాన్ని అజాగ్రత్తగా కడితే నష్టం ముందుగా తగిలేది అతనికే.

ఈ రంగంలో ప్రతివారూ ముందుగా చూడవలసిన ఉదాహరణ 2013 నాటి బబుల్‌గమ్ క్రైసిస్ ప్రచారం. 1987 నుంచి 1991 వరకు ఎనిమిది భాగాలుగా వచ్చిన ఈ ఓవీఏను (టీవీలోనో థియేటరులోనో కాక నేరుగా వీడియోగా విడుదలైన అనిమేను) అమెరికాలో చాలా ఏళ్ళుగా అనిమెయిగో సంస్థే విడుదల చేస్తూ వచ్చింది. 1988లో మొదలైన ఆ చిన్న సంస్థ, బ్లూరే కోసం 75,000 డాలర్ల లక్ష్యం పెట్టుకోగా లక్షన్నర డాలర్లకు పైగా వచ్చాయి. రెట్టింపు రావడం కన్నా నేను ఎక్కువగా గమనించమనేది వేరే సంగతి. ఏ వస్తువు ఇస్తారో అది మొదటి రోజునే నిర్ణయమై ఉంది, హక్కులు ముందే చేతిలో ఉన్నాయి, సంస్థకు ఆ కొనుగోలుదారులు పాత పరిచయస్థులు. అంటే మొదటి మూడు పాఠాల పని వాళ్ళు ప్రచారానికి ముందే ముగించారు.

దీనికి ఎదురుగా అనిమే సోల్స్‌ను పెట్టి చూడండి. 2013లో వచ్చిన ఈ వేదిక, టెజుకా ప్రొడక్షన్స్, తత్సునోకో, స్టూడియో పియెరో వంటి సంస్థల పాత సీరీస్‌లను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తూ, అవే డీవీడీగా రావాలంటే కొన్ని భాగాలుండే ఒక్కో పెట్టెకు విడిగా నిధి పోగు కావాలని షరతు పెట్టింది. ఆలోచన చక్కనిదే. ఒసాము డెజాకి దర్శకత్వంలో 1991లో మొదలైన డియర్ బ్రదర్‌కు, 1983 నాటి క్రీమీ మామికి అభిమానులు నిధి సమకూర్చారు, మిగిలిన సీరీస్‌లలో చాలావాటికి అది కుదరలేదు. చివరికి వేదిక మూతపడింది. నా అభిప్రాయంలో అక్కడ లక్ష్యాల మొత్తం అతిగా లేదు. ఒకే సీరీస్ కోసం ఒకే అభిమానిని మళ్ళీ మళ్ళీ అడగవలసి రావడమే ఇబ్బందిగా మారింది. 52 భాగాల సీరీస్‌లో తొలి భాగాల పెట్టె కొన్నవాడికి మిగిలినవి వస్తాయన్న హామీ లేకపోతే, ఆ మొదటి పెట్టె కొనడానికే చేయి వెనక్కు పోతుంది.

ఇక లెక్కలోకి దిగుదాము. 1988లో ఫిల్మ్ మీద చిత్రించిన ఒక ఓవీఏను ఊహించుకోండి: ఆరు భాగాలు, ఒక్కొక్కటి 30 నిమిషాలు, మొత్తం 180 నిమిషాలు. దీనిని ఉత్తర అమెరికాలో బ్లూరేగా తేవాలి. కింది సొమ్ములన్నీ అభ్యాసం కోసం నేను అనుకున్నవి. నిజమైన ప్రచారంలో ప్రతి అంకె వెనుకా రాతపూర్వకమైన కొటేషన్ ఉండాలి.

మొదటి పద్దు లైసెన్సు. జపాన్‌లోని హక్కుదారు రాయల్టీలో ఒక వంతును ముందే అడుగుతాడు. తెలుగు సినిమా డిస్ట్రిబ్యూషన్‌లో మినిమం గ్యారంటీ అని ఎంజీ కట్టే పద్ధతి ఎరిగినవారికి ఇది కొత్త కాదు: అమ్మకం తక్కువైనా కట్టిన సొమ్ము తిరిగి రాదు, ఎక్కువైతే పైన రాయల్టీ ఇవ్వాలి. దీనికి 20,000 డాలర్లు వేసుకుందాము. రెండవది ఫిల్మ్ స్కానింగ్, రంగుల సవరింపు, మరకలూ గీతలూ తీయడం: 9,000. హక్కుదారు దగ్గర హెచ్‌డీ మాస్టర్ సిద్ధంగా ఉంటే ఈ పద్దు బాగా తగ్గుతుంది కాని, దానిని వాడుకోవడానికి విడిగా రుసుము అడగవచ్చు. అనువాదం, సబ్‌టైటిళ్ళు 2,000. డిస్కు ఆథరింగ్ (వీడియో, ధ్వని, మెనూలను డిస్కు రూపానికి కూర్చడం), పరీక్ష 4,000.

డిస్కుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎన్ని డిస్కులు కావాలన్నది ఇష్టాన్ని బట్టి కాక గుణకారాన్ని బట్టి తేలాలి. 180 నిమిషాలంటే 10,800 సెకన్లు. పాత ఫిల్మ్‌లో ఉండే గ్రెయిన్, అంటే సన్నని రేణువుల అల్లిక, నలిగిపోకుండా ఉండాలంటే వీడియోకు సగటున సెకనుకు 30 మెగాబిట్లు ఇద్దాము. 10,800ను 30తో గుణించి 8తో భాగిస్తే 40,500 మెగాబైట్లు, అంటే 40.5 జీబీ. కుదించని స్టీరియో ధ్వని సెకనుకు దాదాపు ఒకటిన్నర మెగాబిట్లు తీసుకుంటుంది కనుక జపనీస్, ఇంగ్లీషు ట్రాకులు రెండింటికీ కలిపి మరో 4 జీబీ. మొత్తం 44.5 జీబీ. రెండు పొరల బ్లూరేలో 50 జీబీ పడుతుంది. కనుక ఒక్క డిస్కు చాలు, మిగిలిన అయిదు జీబీలో టైటిళ్ళు లేని ఓపెనింగులు, పాత ట్రైలర్లు సర్దుకుంటాయి. పెట్టెలో రెండు డిస్కులుంటే బరువుగా కనిపిస్తుందని రెండు వేయించేవాళ్ళున్నారు. కొనేవాడు ఆ డబ్బును మంచి స్కానింగ్‌కు ఖర్చు పెట్టమనే కోరుకుంటాడు.

ఫ్యాక్టరీలో అచ్చువేసే వాణిజ్య బ్లూరే డిస్కుకు ఏఏసీఎస్ అనే కాపీ నిరోధక రక్షణ తప్పనిసరి. డీవీడీకి ఇలాంటి నిర్బంధం లేదు. ఏఏసీఎస్ రుసుములకూ, కాపీలు తీసే మూల అచ్చుకూ కలిపి 2,500 వేద్దాము. ఫ్యాక్టరీ వెయ్యికి తక్కువ వేయనన్నదనుకుని, వెయ్యి కాపీల డిస్కులు, కేసులు, పైకవరు, అట్టపెట్టెలకు 6,500. అన్నీ కలిపితే 44,000 డాలర్లు. అనుకోని ఖర్చులకు పది శాతం చేర్చితే 48,400. హక్కుదారు కవరు బొమ్మను రెండుసార్లు తిప్పిపంపినా, ఒక సబ్‌టైటిల్ తప్పు వల్ల డిస్కు మళ్ళీ అచ్చువేయవలసి వచ్చినా ఆ పది శాతమే దిక్కు. దానిని తీసేసి లక్ష్యాన్ని అందంగా తగ్గించే ప్రచారాన్ని చూస్తే నేను డబ్బు పెట్టను.

కొత్తవాళ్ళు ఇక్కడే ఆగి 44,000 డాలర్లను లక్ష్యంగా ప్రకటిస్తారు. అది ఎందుకు చాలదో చూద్దాము. సెట్టు ధర 65 డాలర్లనుకోండి. అందులో 8 శాతం, అంటే 5 డాలర్ల 20 సెంట్లు వేదికకూ కార్డు సంస్థకూ పోతాయి, మరో 20 సెంట్లు చెల్లింపు రుసుము. దేశంలోపల తపాలా, ప్యాకింగ్ 8 డాలర్లు. చేతిలో మిగిలేది 51 డాలర్ల 60 సెంట్లు. 44,000 చేరడానికి 677 మంది కావాలి; వాళ్ళ నుంచి నిజంగా మిగిలేది సుమారు 34,900. పేజీ మీద ‘విజయం’ అని పడుతుంది, సంస్థ ఖాతాలో తొమ్మిది వేల డాలర్ల లోటు ఉంటుంది. ఓడిన ప్రచారం ఎవరికీ బాకీ పడదు. ఇలా గెలిచినది మాత్రం ఆరువందలమందికి పైగా బాకీ పడుతుంది.

సరైన పద్ధతి వెనుకనుంచి రావడం. 48,400ను 51.60తో భాగిస్తే 938 మంది. ప్రచారం ముగిశాక కొన్ని కార్డులు చెల్లవు. మూడు శాతం అలా పోతాయనుకుంటే 968 మంది కావాలి. 968ని 65తో గుణిస్తే 62,920. లక్ష్యం 63,000 డాలర్లు. వెయ్యి కాపీలలో మిగిలే అరవై చిల్లర, దారిలో పగిలినవాటికి బదులు పంపడానికి సరిపోతాయి. ఇదే లెక్కను 60 డాలర్ల ధరతో చేసి చూడండి: చేతిలో మిగిలేది 47, కావలసినవాళ్ళు 1,030 మంది, అచ్చువేసేది వెయ్యి కాపీలే. అయిదు డాలర్లు తగ్గించిన మంచితనం ప్రచారాన్ని అసాధ్యం చేసింది. మూడవ పాఠంలో మీరు కట్టిన కొనుగోలుదారుల అంచనా 968కి దిగువన ఉంటే ఈ ప్రచారం మొదలుపెట్టకూడదు, లేదా స్కానింగ్ వదిలి సిద్ధంగా ఉన్న మాస్టర్‌తో సరిపెట్టుకోవాలి. లక్ష్యాన్ని మాత్రం కోయకూడదు.

ఇప్పుడు అదనపు లక్ష్యాలు, అంటే అందరూ స్ట్రెచ్ గోల్స్ అనేవి. ప్రచారాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కనుక ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. 63,000 దాటితే ప్రతి సెట్టుతో ఒక చిత్రాల పుస్తకం ఇస్తామని మీరు అనుకున్నారు. పుస్తకం తయారీకి 3,000 డాలర్లు, ఒక్కో కాపీ ముద్రణకు 5, పెరిగే బరువుకు తపాలా ఒకటిన్నర. అదనంగా వచ్చే ఒక్కో కొనుగోలుదారు నుంచి, అతని కాపీ అచ్చుకు దాదాపు నాలుగున్నర డాలర్లు పోగా, సుమారు 47 మిగులుతాయి. 3,000ను 47తో భాగించి మరో 64 మంది వస్తే చాలుననుకోవడం సహజం. కాని పుస్తకం ఆ 64 మందికే ఇవ్వము, ముందు చేరిన 938 మందికీ ఇవ్వాలి. సరిగా లెక్కిస్తే పుస్తకం తన ఖర్చు తాను మోయడానికి మొత్తం 1,163 మంది కావాలి. అంటే, చెల్లని మూడు శాతం కార్డులను కూడా చేర్చితే, దాని గుర్తు 67,000 దగ్గర కాక 78,000 దగ్గర పెట్టాలి.

దీనినుంచి వచ్చే నియమం తేలికైనది: మనిషికొకటి చొప్పున పెరిగే వస్తువును అదనపు లక్ష్యంగా పెట్టకండి, ఒకసారి ఖర్చు పెడితే అందరికీ అందేదాన్ని పెట్టండి. డబ్బింగు అలాంటిది, సబ్‌టైటిళ్ళు అలాంటివి, దర్శకుడి వ్యాఖ్యాన ట్రాకు అలాంటిది. వెయ్యిమందికి చేసినా అయిదువేలమందికి చేసినా ఖర్చు ఒకటే. 2017లో నొజోమి ఎంటర్‌టైన్‌మెంట్ 2005 నాటి ఆరియా ది యానిమేషన్‌కు ఇంగ్లీషు డబ్బింగు కోసం 1,10,000 డాలర్లు అడిగింది. దాదాపు 5,95,000 వచ్చాయి. మొదటి లక్ష్యం 13 భాగాల తొలి సీజన్‌కు మాత్రమే. ఆ పైన వచ్చిన సొమ్ము తరువాతి సీజన్ల డబ్బింగుకు వెళ్ళింది. అభిమాని కోరుకున్నదీ అదే. 2013లో టైమ్ ఆఫ్ ఈవ్ బ్లూరే ప్రచారం 18,000 డాలర్లే అడిగి రెండు లక్షలు దాటింది. అంత చిన్న మొత్తం అడగగలగడానికి కారణం సినిమా జపాన్‌లో అప్పటికే పూర్తయి విడుదలై ఉండడం. కొత్తగా స్కానింగ్ చేయించవలసిన 1980ల ఓవీఏకు ఆ 18,000ను ఆదర్శంగా తీసుకోకండి.

టీషర్టులు, కీచైన్లు, అక్రిలిక్ బొమ్మల మీద మోజున్నవాళ్ళకు ఇంకొక మాట. అమెరికా తపాలాశాఖలో మీడియా మెయిల్ అనే చవక తరగతి ఉంది, అందులో వీడియో డిస్కులు పంపవచ్చు, పుస్తకాలు పంపవచ్చు. అదే పెట్టెలో ఒక టీషర్టు పడిందా, ఆ పెట్టె మొత్తం ఆ తరగతికి అర్హత పోగొట్టుకుంటుంది. పది డాలర్ల చొక్కా తన తపాలాతో పాటు డిస్కు తపాలానూ పెంచుతుంది.

విదేశీ తపాలాను సెట్టు ధరలో ఎన్నడూ కలపవద్దు. దేశాన్ని బట్టి విడిగా వసూలు చేయండి, వీలైతే పంపే నెలలోనే చేయండి. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఇలాంటి ప్రచారంలో చేరే, లేదా నడపాలనుకునే పాఠకులకు మూడు జాగ్రత్తలు చాలు. బ్లూరే ప్రాంతాల విభజనలో అమెరికా, జపాన్ ‘ఏ’లో ఉన్నాయి, భారతదేశం ‘సీ’లో ఉంది, డిస్కుకు ప్రాంతపు తాళం లేదని పేజీలో రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే ఇక్కడ కొన్న ప్లేయరులో అది ఆడకపోవచ్చు. కస్టమ్స్ సుంకం ధరలో ఉండదు, పార్సిల్ వచ్చినప్పుడు మీరే కట్టాలి. ప్రచారం స్వయంగా నడపాలనుకునేవాళ్ళు, కిక్‌స్టార్టర్ అనుమతించే దేశాల జాబితాను ముందే చూసుకోండి; ఆ జాబితాలో భారతదేశం లేనంతకాలం, అమెరికాలో స్థిరపడిన తెలుగు మిత్రుడెవరైనా చట్టబద్ధంగా బాధ్యత తీసుకుంటే తప్ప పని జరగదు. బాధ్యత అంటే పేరు అరువివ్వడం కాదు, ఆ ఆదాయం మీద అక్కడి పన్ను కట్టేదీ ఆయనే. ఆ పన్నుకు కూడా ఖర్చుల పట్టికలో ఒక పద్దు తెరవాలి.

అభ్యాసం: 26 భాగాల టీవీ సీరీస్ తీసుకోండి, ఒక్కో భాగం 24 నిమిషాలు, ఒకే ధ్వని ట్రాకు, వీడియోకు సెకనుకు 25 మెగాబిట్లు. ముందుగా 50 జీబీ డిస్కులు ఎన్ని కావాలో తేల్చండి. స్థిరమైన ఖర్చు అనుకోని ఖర్చులతో కలిపి 82,000 డాలర్లు, ధర 110, తపాలా 10 అనుకుని, మూడు శాతం కార్డులు చెల్లవని చేర్చి లక్ష్యం కట్టండి. తరువాత, ఒకసారి మాత్రమే ఖర్చయ్యే 15,000 డాలర్ల డబ్బింగును అదనపు లక్ష్యంగా పెడితే దాని గుర్తు ఎక్కడ ఉండాలో విడిగా రాయండి. అదనపు కాపీ ఒక్కోదాని అచ్చుకు 12 డాలర్లు వేసుకోండి. జవాబులు అయిదవ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో 25 డాలర్ల నుంచి 500 డాలర్ల వరకు కానుకల మెట్లు ఎలా పేర్చాలో, ఏ మెట్టును అసలు పెట్టకూడదో చూద్దాము.