పెరట్లో కలుపుకి ఇంటి చిట్కాలు: ఏది ఎక్కడ పనిచేస్తుంది

వానలు మొదలయ్యాక పెరట్లో కలుపు ఎలా లేస్తుందో తెలిసిందే కదా, మందు కొట్టడం ఇష్టంలేక చాలామంది వెనిగర్, ఉప్పు, సబ్బు కలిపి కొట్టేస్తున్నారు. వెనిగర్ కొట్టండి గానీ ఉప్పు మాత్రం వద్దు. మట్టిలోనే ఉండిపోతుంది, తర్వాత అక్కడ వంగ పెట్టినా బెండ పెట్టినా సరిగ్గా రాదు.

కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్‌లో యాసిడ్ 4-5 శాతమే, నీళ్లు కలిపితే ఇంక పనిచెయ్యదు. ఆకుమీద నిలవడానికి కాస్త చిక్కటి కుంకుడు రసం కలపండి చాలు. గాలి లేకుండా ఎండ బాగా కాసే రోజు చూసుకుని రెండు మూడాకుల మొక్కలమీద కొడితే సాయంత్రానికల్లా వాడిపోతాయి, కానీ ముదిరినవాటికి పైన ఆకులే మాడి వేరు నుంచి మళ్ళీ చిగురొస్తుంది. టమాటా మొక్కమీద పడ్డా అంతే మాడుస్తుంది, దానికి కలుపేదో తెలీదు కదా.

గేటు ముందు, బండల సందుల్లో మొలిచేవాటికి మరిగే నీళ్లు చాలు. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని పొయ్యండి. వేడి గంజి కూడా పోయొచ్చు, కాకపోతే చీమలు పడతాయి.

అసలు తలనొప్పి తుంగ. దీనికి ఇలాంటి ఇంటి స్ప్రే ఏది కొట్టినా దండగే, ఎందుకంటే ప్రాణమంతా కింద గడ్డల్లో ఉంటుంది, పైన పీకితే తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది. ముందురోజు మడి తడిపి పొద్దున్నే బొరిగెతో లోతుగా తవ్వి గడ్డలతో సహా ఏరెయ్యాలి, మళ్ళీ మొలిస్తే నాలుగైదు ఆకులు వెయ్యకముందే మళ్ళీ తియ్యాలి, అలా తీస్తూ పోతే గడ్డలో సత్తువ అయిపోతుంది. నీడంటే దానికి పడదు, అందుకే అక్కడ గుమ్మడో అలసందో అల్లించండి.

ఖాళీ మడి ఉంటే టేపులు పీకేసిన అట్టపెట్టెలు రెండు వరసలు పరిచి, తడిపి, పైన 3-4 అంగుళాల ఎండాకులో వరిగడ్డో వెయ్యండి, తర్వాత అక్కడ పెట్టే మొక్క మొదలుకి మాత్రం ఆనించొద్దు, కుళ్ళుతుంది. ఏప్రిల్-మేలో ఖాళీగా ఉండే మడికైతే ఇంకా మంచి పని ఉంది: బాగా తడిపి పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీట్ (నల్లది కాదు) కప్పి, అంచులు మట్టితో మూసి 4-6 వారాలు వదిలెయ్యండి, పైపొరలో విత్తనాలు చాలావరకు ఉడికిపోతాయి. తర్వాత లోతుగా తవ్వారో, కింద విత్తనాలన్నీ పైకొస్తాయి. తుంగ గడ్డలు మాత్రం దీనికీ పూర్తిగా చావవు.

వయ్యారిభామని పూత రాకముందే వేరుతో పీకాలి, గ్లోవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి, కొందరికి దురద, ఆయాసం వస్తాయి. పూత రానిది కంపోస్టులో వేసుకోవచ్చు. గంగవాయిలి కూర, అదే పాయలకూర కనిపిస్తే మాత్రం పీకి పారెయ్యకండి, కడిగి పప్పులో వేసుకోండి.